ఏ యాకయ్య?

ఇంట్లో అందరి కళ్ళూ ఇత్తడి బిళ్ళ మీదే ఆగాయి.

నెక్కొండ యాకయ్య శివనగర్‌లో మొగిలయ్య ఇంటి గడప బయట చెప్పులు విడిచి, ఖాకీ అంగీని కిందికి లాగి సర్దుకుని, జేబు మీద మెరుస్తున్న బిళ్ళ అందరికీ కనిపించేలా నిలబడ్డాడు. దాని మీద పదిహేడు అంకె ఉంది. కేసముద్రం మార్కెట్టులో ధాన్యం తూచే దడ్వాయి పెట్టుకునే బిళ్ళ అది.

"ఏంది చెల్లే, గట్ల చూస్తానవ్? నేనే, మీ అన్ననే," అని నవ్వాడు. "అంతా మొగిలయ్య పుణ్యం. ఎంకట్రాజం సేటు గుమాస్తను సైకిల్ మీద మా ఇంటికి తోలిండు. మీ బావ మొగిలయ్య చెప్పిండట, సోమారం సంది కాంట కాడికి రమ్మన్నడు. నాలుగొద్దులాయె పనిల జొరవడి. ముందుగాల మీకే చెప్పాల్నని అచ్చిన."

మొగిలయ్య భార్య కట్టమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. సొంత అన్న చెప్పిన కబురు. ఆమెకు సంతోషం కలగకుండా ఎలా ఉంటుంది? కానీ అరుగు మీద కూర్చున్న మనిషి గుర్తుకొచ్చి, పెదవుల మీదికి వచ్చిన నవ్వును అక్కడే మింగేసింది.

అరుగు మీద కూర్చున్నవాడు మిల్లు యాకయ్య. మొగిలయ్య అక్క బక్కమ్మకు భర్త. మిల్లులో పని పోయి ఎనిమిది నెలలు, పెళ్ళాం పిల్లలతో బామ్మర్ది ఇల్లు చేరి ఆరు నెలలు. కేసముద్రం నుంచి ఇవాళో రేపో పిలుపు వస్తుందని మొగిలయ్య చెప్పినప్పటి నుంచీ అతను పొద్దున్నే తానం చేసి, ఉన్న ఒక్క తెల్లంగీ తొడుక్కుని అరుగు మీద కూర్చుంటున్నాడు. ఆ పిలుపు పోయిన వారమే వచ్చింది. కాకపోతే నెక్కొండలో దిగింది.

ఒకే ఇంటికి రెండు పక్కలా ఇద్దరు యాకయ్యలుండటం ఆ ప్రాంతంలో వింతేమీ కాదు. అన్నారం దర్గాకు మొక్కుకున్న తల్లి కొడుకును కంటే యాకయ్య, కూతుర్ని కంటే యాకమ్మ. వీధిలో నిలబడి యాకయ్యా అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందుకే ఇంట్లో ఒకరిని మిల్లు యాకయ్య, ఇంకొకరిని నెక్కొండ యాకయ్య అంటారు. మొగిలయ్యకు మాత్రం ఇద్దరూ బావలే. ఒకరు అక్క మొగుడు, ఒకరు పెళ్ళాం అన్న.

"అలిగి పుట్టింటికి పోయిన మీ వదినె సుత అత్తదట చెల్లే," అన్నాడు నెక్కొండ యాకయ్య, అరుగు అంచున కూర్చుంటూ. "బాయి ఎండిపాయె, ఎడ్లు పాయె, ఇంక నీతోని ఏం తినాలె అన్నది గదా. పని దొరికిందని తెల్వంగనే పిల్లల్ని తోలుకొని అత్తనని కబురు వెట్టింది."

మిల్లు యాకయ్య లేచాడు. "మంచిదాయె అన్నా. శాన మంచిదాయె," అన్నాడు. పెరట్లోకి వెళ్ళి తెల్లంగీ విప్పి, మడతలు సరిచూసి దండెం మీద వేశాడు. బనీనుతోనే వచ్చి మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

మొగిలయ్య ఇదంతా గుమ్మంలో నిలబడి చూశాడు. 

నెక్కొండ యాకయ్య నాలుగింటి ప్యాసింజరుకు వెళ్ళిపోయాడు. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. కూత ఆగీ ఆగకముందే బక్కమ్మ అందుకుంది.

"నీకు పెండ్లాం దిక్కు చుట్టమే చుట్టమాయె, తమ్మీ. ఒక్క కడుపుల పుట్టిన అక్క అక్కరకు రాకపాయె. అడుగుత అడుగుత అని ఆర్నెల్లు ఆశవెట్టితివి."

"అక్కా, నేను బావ కోసమే అడిగిన. ఒట్టు."

"ఏ బావ?"



పోయిన వారం వెంకట్రాజం ముందు తాను అన్న మాట అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. 'మా యాకయ్య బావకు ఒక పని ఇప్పియ్యి రా.' అంతే అన్నాడు. చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకే గొంగడి కప్పుకున్నారు. అలాంటి దోస్తు ఇవాళ కేసముద్రంలో రైతుల ధాన్యం కమీషన్ మీద అమ్మించే పెద్ద అడ్తి వ్యాపారి. 'ఏదన్న ఉంటే ఒక్కటడుగు, కాదన' అని అతనే ఎన్నోసార్లు అన్నాడు. ఆ ఒక్కటీ అడగడానికే మొగిలయ్యకు ఆరు నెలలు పట్టింది. తీరా అడిగేటప్పటికి సిగ్గేసి, మాట ముగించి బయటపడితే చాలనుకున్నాడు.

మొగిలయ్య పని ఏమిటనుకున్నారు? తాసీల్ కచేరీ గోడ నీడన కూర్చుని ఊరందరికీ అర్జీలు రాయడం. ఎవరైనా వచ్చి 'మా బావ భూమి' అంటే చాలు, కళ్ళద్దాలు తీసి గద్దిస్తాడు. 'బావ అంటే ఎవలయ్యా? ఇంటిపేరు చెప్పు, తండ్రి పేరు చెప్పు, ఊరు చెప్పు. సర్కారుకు నీ బావ కలల కనవడ్తడా?' అంటాడు. పద్దెనిమిదేళ్ళుగా లోకానికి పాఠం చెప్పిన ఈ పెద్దమనిషి, తన సొంత మనవి దగ్గరికొచ్చేసరికి దోస్తుకు అర్జీ ఏమిటని ఉత్త నోటితో వెళ్ళాడు. పైగా, కాయితం లేకుండా పని సాధించానని నాలుగు రోజులు మురిసిపోయాడు కూడా.

"నేను పోయి చెప్త అక్కా. పొరపాటైందని చెప్త."

"చెప్పి?" అంది కట్టమ్మ లోపలి నుంచి.

 ఆమె చేట కింద పెట్టి బయటికి వచ్చింది.

"చెప్పి ఏం జేస్తవయ్యా? మా అన్న అంగీ మీది బిళ్ళ వీకి ఈ అన్నకు పెడ్తవా? నాకు ఇద్దరూ అన్నలే. కాదన్ననా? ఆర్నెల్ల సంది ఈ ఇంట్ల ఏ పూటన్న మొకం మాడ్చిన్నా, వదినె, నువ్వే చెప్పు. గని మా అన్న ఏం దొంగతనం జేసిండు? పిలిస్తె పోయిండు."

"పిలిచింది నా మొగన్ని," అంది బక్కమ్మ.

"పేరు అందరిదీ ఒక్కటే గదా, వదినె."

"పేరు ఒక్కటే. ఆకలి ఎవలది వాళ్ళదే. మీ అన్నకు ఎండిన బాయన్న ఉన్నది. మాకేమున్నది?"

"బాయిల దునుకనీకె పనికస్తది అది!"

ఆ మాట అన్నాక కట్టమ్మే బెదిరిపోయింది. బక్కమ్మ ముఖం పాలిపోయింది. భర్త కూర్చున్న అరుగు వైపు ఒకసారి చూసి, తమ్ముడి రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"నీకు చెప్పద్దనుకున్న తమ్మీ. పోయిన నెల ఒకనాడు మీ బావ రైలుపట్టాల మీద కూసున్నడు. ఊకెనే కూసున్ననన్నడు. దూరంగ బండి కనవడ్తాంది. నేను పోయి చెయ్యివట్టి గుంజుకచ్చిన. అప్పటి సంది నేను నిద్రవోతలేను. ఆయన కన్ను మూసిందాక నేను మూస్తలేను." ఆమె అరుగు వైపు తొంగిచూసింది. "పని దొరికిందని నువ్వు చెప్పిననాడే ఆయన బుక్కెడు అన్నం తిన్నడు. ఇగ నీ ఇష్టం."

మొగిలయ్యకు ఏడుపొచ్చింది. అక్క ముందు ఏడవలేక కుండలో చెంబు ముంచి, దాహం లేకపోయినా నీళ్ళు తాగాడు.

*

మర్నాడు పొద్దుటి బండికి కేసముద్రంలో దిగేటప్పటికి వెంకట్రాజం అడ్తి ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. వెంకట్రాజం గద్దె మీద నుంచి లేచి వచ్చి మరీ భుజం మీద చెయ్యి వేశాడు.

"రారా మొగిలీ! ఏంది, మొకం గట్లున్నది? చాయ్ తాగు. మీ బావ మంచిగ జేస్తాండు రా. కాంట కాడ ఒక్క గింజ అటిటు కానియ్యడు."

మొగిలయ్య చాయ్ ముట్టుకోలేదు. విషయం చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళో వాళ్ళ గోడు పేజీలకు పేజీలు రాసే మనిషికి తన గోడు నాలుగు ముక్కల్లో చెప్పేసరికి చెమటలు పట్టాయి. అంతా విని వెంకట్రాజం ముందు పకపకా నవ్వాడు. తర్వాత దోస్తు కళ్ళు చూసి నవ్వు ఆపాడు.

"అరేయ్, యాకయ్య బావ అంటివి. నీ పెండ్లిల కొసరి కొసరి నాకు ఏటకూర వడ్డించింది ఏ యాకయ్య? నాకు ఎరుకున్న యాకయ్య ఆయనొక్కడే. నీ అక్క మొగడు సుత యాకయ్యనే అని నాకు కలవడ్డదా?"

"తప్పు నాదే. ఇంకో కాంట ఏమన్న..."

"ఉన్నయే మూడు. మొండయ్యకు కండ్లు కనవడక మానుకుంటే ఒకటి ఖాళీ అయ్యింది. నాలుగోది యాడికెళ్ళి తేవాలె రా?"

"ఏదో ఒక పని రా. ఊడ్చే పనైనా సరే."

"ఊడ్చెటోళ్ళ కడుపు కొట్టి పెట్టాల్నా?" వెంకట్రాజం గొంతు తగ్గించాడు. "నేను అబద్ధం చెప్తలేను. నా తాన ఉన్నది ఆ ఒక్కటే."

 బయట కాంటా దగ్గర నెక్కొండ యాకయ్య గొంతు వినిపిస్తోంది. దడ్వాయి ఒకటి అనడు, లాభం అంటాడు. "లాభం... లాభం... రెండు... రెండు... మూడు..." అని అతను రాగం తీస్తుంటే బస్తాలు కాంటా దిగుతున్నాయి.

"మిల్లు బావ పట్టాల మీద కూసున్నడు రా," అన్నాడు మొగిలయ్య నేల చూస్తూ.

వెంకట్రాజం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సూడు. తప్పు జెయ్యనోన్ని నేను తీసెయ్య. యార్డుల నలుగురు నా మొకాన ఉమ్ముతరు. తనంతల తనే మానుకుంటాన్నని రాసిస్తె మాత్రం నీ అక్క మొగన్ని పెట్టుకుంట. కాయిదం, మనిషి, రెండూ రేపు ఒక్కసారే తీసుకరా." లేస్తూ లేస్తూ అన్నాడు, "రాసుడు నీకు కొత్తనా?"

అతను దెప్పాలని అన్న మాట కాదు. అయినా మొగిలయ్యకు చెంప మీద కొట్టినట్టయింది.

*

గోదాము వెనక వడ్ల బస్తా మీద కూర్చుని మొగిలయ్య సంచీ తెరిచాడు. అందులో ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి. తెల్ల కాయితాలు, కలం, వేలిముద్రలకు సిరాదిండు.

రాయనని లేచాడు. బక్కమ్మ గొంతు చెవిలో మోగింది. మళ్ళీ కూర్చున్నాడు.

ఈసారి పొరపాటు జరగలేదు. ఇంటిపేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు, ఊరు రాశాడు. స్వంత ఇబ్బందుల వల్ల తన ఇష్టపూర్తిగా పని మానుకుంటున్నట్టు రాశాడు. చెయ్యి అలవాటున దానంతటదే చివరి వరుస కూడా రాసేసింది: 'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని వేసిన వేలిముద్ర.'

కలం ఆగాక మొగిలయ్య ఆ వరుసే మళ్ళీ చదువుకున్నాడు.

మిల్లు యాకయ్య పని పోయింది ఇలాగే. తల్లి చచ్చిపోతే సెలవు కావాలని వెళ్తే, సెలవు కాయితమని చెప్పి మిల్లు వాళ్ళు వేలిముద్ర తీసుకున్నారు. దినాలు చేసి తిరిగొచ్చాక అది రాజీనామా అన్నారు. దాని మీద నాలుగు అర్జీలు రాసింది మొగిలయ్యే. 'చదివి వినిపించలేదు' అన్న ముక్క కింద నాలుగింట్లోనూ ఎర్ర సిరాతో గీత కొట్టాడు.

చదివి వినిపిద్దాం, బతిమాలుదాం, కాళ్ళు పట్టుకుందాం అనుకున్నాడు. అంతలో నెక్కొండ యాకయ్య తువ్వాలతో మెడ తుడుచుకుంటూ రానే వచ్చాడు.

"నువ్వచ్చినవని సేటు చెప్పిండు! ఏంది మొగిలయ్యా, నిన్ననేనాయె కలిసింది? నా పని సూడనీకి అచ్చినవా?" కాయితం కనిపించింది. "ఏం కాయిదం?"

ఇప్పుడు చెప్పాలి. మొగిలయ్య నోరు తెరిచాడు.

"సేటు కాడ ఉండాల్నట," అన్నాడు.

అబద్ధం కాదు. కానీ అది నిజం కూడా కాదని అతనికి తెలుసు.

"గంతేనా? తే." నెక్కొండ యాకయ్య ఎడమ బొటనవేలు ముందుకు చాపాడు. "నువ్వు రాసినంక నాకేం ఫికర్? యాడ వెట్టాలె?"

మొగిలయ్య అతని వేలు పట్టుకున్నాడు. వడ్ల దుమ్ము అంటిన వేలు, మొద్దుబారిన గోరు. సిరాదిండు మీద ఒత్తాడు, కాయితం మీద ఒత్తాడు. ముద్ర ఒక్క గీత చెదరకుండా పడింది.

"ఇగ పక్కానా మొగిలయ్యా?"

మొగిలయ్య తల ఊపాడో లేదో అతనికే తెలియదు.

"అట్లనే ఇంకో కాయిదం ఉంటె మా ఆమెకు ఒక జాబు రాసిపెట్టు. అచ్చే వారం ఆదారం కాదు, శనారమే రమ్మని రాయి. స్టేషన్ కాడ ఒక అర్ర సూసిన. పిల్లలకు బడి సుత దగ్గరే."

"మల్ల రాస్త బావా. బండికి టైమైంది."

"ఉరుకు, ఉరుకు. చెల్లెకు చెప్పు, నేను మంచిగున్న అని."

స్టేషన్ కుళాయి దగ్గర మొగిలయ్య తన వేళ్ళకంటిన సిరాను ఇసుక వేసి రుద్దాడు. బండి వచ్చేదాకా రుద్దుతూనే ఉన్నాడు.

*

పొద్దు వాలుతుండగా శివనగర్‌లోని ఇల్లు చేరేసరికి బక్కమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది. మొగిలయ్య కాయితం తీసి చూపించాడు. ఆమెకు చదువు రాకపోయినా వేలిముద్ర కనిపించింది. రెండు చేతులూ ఎత్తి తమ్ముడికి దండం పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ దండెం మీది తెల్లంగీ తేవడానికి పరుగెత్తింది.

కట్టమ్మ గుమ్మంలో నిలబడి భర్త వేళ్ళ వైపు చూస్తోంది. నీలం మరకలు ఇంకా పోలేదు.

"మా అన్న ఒప్పుకున్నడా?" అంది.

"ఆఁ."

"ఏమన్నడు?"

"మంచిగున్ననని చెప్పుమన్నడు."

 ఆమె ఆ మరకల వైపే చూస్తూ నిలబడింది.

మిల్లు యాకయ్య అరుగు దిగి వచ్చాడు. కాయితం చేతిలోకి తీసుకుని, సాయంకాలపు వెలుగుకు ఎత్తి చూశాడు. అక్షరాలు అతనికి రావు. ముద్ర దగ్గర కళ్ళు ఆగాయి. బక్కమ్మ అంగీ తెచ్చి భుజం మీద వేయబోతే చేత్తో ఆపాడు.

"మొగిలయ్యా," అన్నాడు. ఎనిమిది నెలల్లో అతను ఇంత నెమ్మదిగా, ఇంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదలు. "ఏలువెట్టే ముందు నీ బావకు ఇది చదివి వినిపించినవా?"

మొగిలయ్య చెంబు కోసం చూశాడు. చెంబు దగ్గరలో లేదు.

"పని దొరికింది గదయ్యా, ఇంక గవన్నీ ఎందుకు?" అంది బక్కమ్మ గాబరాగా. "తమ్మీ, వినిపించిన అని చెప్పవేంది? చెప్పు!"

"నాకు సుత ఎవ్వలు వినిపించలే," అన్నాడు మిల్లు యాకయ్య. అతని ముఖంలో కోపం లేదు. అదే మొగిలయ్యకు భరించరానిదయింది. "ఇండ్ల ఏమున్నదో నాకు ఎరుకలేదు. నీ అక్కకు ఎరుకలేదు. ఏలువెట్టినాయనకు సుత ఎరుకలేదా ఏంది?"

మొగిలయ్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

మిల్లు యాకయ్య గుమ్మం వైపు తిరిగి కాయితం చాపాడు. "చెల్లే, మీ నాయిన నిన్ను మూడో తరగతి దాక సదివిచ్చిండంటరు గదా. జర చదువు. అందరం ఇందాం."

"వద్దు కట్టమ్మా, నీ కాల్మొక్కుత వద్దు," అంటూ బక్కమ్మ అడ్డం వచ్చింది.

కట్టమ్మ ఆమెను పక్కకు జరిపింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని కాయితం అందుకుంది. చదవక ఎన్నేళ్ళయిందో, మొదటి వరుస మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది.

"బొ... ల్లం... యా... క... య్య..." ఊపిరి తీసుకుంది. తర్వాతి ముక్క దగ్గర ఆమె వేలు ఆగింది. చచ్చిపోయి పదేళ్ళయిన నాయిన పేరు మొగుడి దస్తూరీలో ముత్యాల్లా ఉంది. "తం... డ్రి... సా... యి... లు..."

ఆమె వేలు రెండో వరుసకు జరిగింది.